కొరియా వారి ఓనమాలు

కాచిగూడ రైలుస్టేషను గుమ్మటములతోను మినారులతోను కూడి, చూచువారికి చిన్న కోటవలె కనబడును. నైజాము ప్రభుత్వమువారు దానిని 1916లో కట్టించిరి. అచటినుండి ఉత్తరముగా పోవు రైలు విద్యానగరము, జామె ఉస్మానియా, ఆర్ట్సు కాలేజి అను చిన్న స్టేషనులను దాటి సీతాఫల్‌మండి చేరును. ఆ పేర్లు వినగానే అది ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారియని మీకు తెలియును. ఆ విశాలమైన ఆవరణము ప్రక్కనే, తార్నాకకు చేరువలో, మరియొక విద్యాపీఠము కలదు. 1958లో ఆంగ్లభాషా బోధనకై అది వెలసినది. 1972లో విదేశభాషలును అందు చేరినవి. 2007లో అది ఆంగ్ల విదేశభాషల విశ్వవిద్యాలయమను పేర కేంద్ర విశ్వవిద్యాలయమైనది. ఫ్రెంచి, జర్మను, రష్యను, అరబ్బీ భాషలతోపాటు జపాను, చీనా, కొరియా భాషలును అచట నేర్పబడుచున్నవి.

అదే కాచిగూడనుండి దక్షిణముగా బెంగుళూరు పోవు రైలు నెక్కినచో కర్నూలు, గుత్తి, అనంతపురము, ధర్మవరము దాటి పెనుకొండ చేరుదుము. తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన ఊరది. దాని సమీపమున ఎర్రమంచి అను గ్రామమువద్ద కొరియా దేశపు కియా సంస్థవారు మోటారుకార్ల కర్మాగారమును నెలకొల్పిరి. 2017లో ఒడంబడిక జరిగెను. 2019లో కార్లు బయటికి వచ్చెను. నేడు ఆ ప్రాంతమున తెలుగు బోర్డుల నడుమ కొరియా అక్షరముల బోర్డులును కానవచ్చుచున్నవి. ఒక భాష నేర్పబడు చోటును, దానితో అవసరము పడు చోటును ఒకే రైలుమార్గము కలుపుట విశేషమే. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉన్నత పాఠశాలలలో నేర్పదగిన విదేశభాషలను పేర్కొనుచు కొరియా భాషను గూడ చేర్చినది. కావున ఆ భాష గుమ్మమువరకైనను పోయి లోపలికి తొంగిచూచుట మనకు తగిన పనియే.

క్రొత్తగా నేర్చువారిలో పెక్కుమంది మొదట చేయు పని కొరియా మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసికొనుట. ఇది మంచి పద్ధతి కాదు. కొరియా రాజధాని పేరే దీనికి సాక్ష్యము. ఆంగ్లాక్షరముల గుంపును చూచి మనము దానిని ‘సియోల్’ అని పలుకుచున్నాము. ఆ దేశీయుల నోట అది ‘సొ’, ‘ఉల్’ అను రెండక్షరముల పేరు. తెలుగు లిపిలో ‘సొఉల్’ అని వ్రాసినచో మూలమునకు ఎంత దగ్గరగా వచ్చునో చూడుడు. ఆంగ్లమున ఒకే అక్షరమునకు పలు ధ్వనులు. తెలుగున వ్రాసినట్లే పలుకుదుము. అచ్చులు, హల్లులు, గుణింతము, పొల్లు, ఒత్తు అను మాటలు తెలిసిన బాలునకు కొరియా లిపిలో సగము పాఠము ముందే వచ్చియున్నదని చెప్పవచ్చును. ఆ సగమెట్టిదో ముందు తెలిసికొందము.

లోకమున చాల లిపులకు కర్తలెవరో తెలియదు. కొరియా లిపికి మాత్రము కర్తయు, కాలమును, కారణమును మూడును తెలియును. 1418 మొదలు 1450 వరకు కొరియా నేలిన సేజోంగ్ మహారాజు దానిని కల్పించెను. అంతకుముందు ఆ దేశస్థులు చీనా అక్షరములతో వ్రాయుచుండిరి. అవి వేలకొలది. వాటిని నేర్చుటకు ఏండ్లు పట్టును. అంత తీరిక గలవారు ధనికులు, ఉద్యోగులు మాత్రమే. పైగా చీనా భాష తీరు వేరు, కొరియా భాష తీరు వేరు. కష్టము కలిగిన రైతు తన మొరను తన మాటలలో వ్రాసి అధికారి కందింప లేకుండెను. ఈ దుఃస్థితికి జాలిపడియే క్రొత్త అక్షరములను చేసితినని రాజు తన పీఠికలో చెప్పుకొనెను. వారి చాంద్రమానము ననుసరించి 1443వ సంవత్సరపు కడపటి మాసమున లిపి సిద్ధమయ్యెను. 1446లో లోకమునకు ప్రకటింపబడెను. దానికాయన పెట్టిన పేరునకు ‘ప్రజలకు నేర్పవలసిన సరియైన ధ్వనులు’ అని అర్థము. నేడు దానిని ‘హన్‌గుల్’ అనుచున్నారు.

ఇక అక్షరములను చూతము. మొదట ఇరువదియెనిమిది, నాలుగు వాడుకనుండి జారిపోగా నేడు ఇరువదినాలుగు మిగిలినవి. వాటిలో హల్లులు పదునాలుగు, అచ్చులు పది. హల్లుల రూపములను రాజు గాలిలోనుండి తీయలేదు, నోటిలోనుండి తీసెను. మీరును పరీక్షింపుడు. ‘న’ అని పలుకుచు నాలుక నెక్కడ నిలిపితిరో గమనింపుడు. దాని కొన పైకి లేచి పలువరుస వెనుక తాకినది గదా! నిలువుగా ఒక గీత దించి, దాని అడుగునుండి కుడివైపునకు అడ్డముగా ఒక గీత లాగినచో అది వారి ‘న’. ప్రక్కనుండి చూచిన నాలుక ఆకారమే అది. ‘క’ అనునపుడు నాలుక మొదలు పైకి లేచి కంఠమును మూయును. పైన అడ్డగీత, దాని కుడికొననుండి క్రిందికి నిలువుగీత. అది వారి ‘క’. పెదవులు మూసి పలుకు ‘మ’ నలుచదరపు పెట్టె. అది నోటి గుర్తు. ‘స’ కు రెండు గీతలు తలలు కలిపి గుడిసె కప్పువలె నిలుచును. అది పంటి గుర్తు. కంఠమునకు గుర్తు గుండ్రని సున్న.

ఈ సున్న మనకు మరింత ప్రీతికరము. తెలుగున సున్న అనునాసికమును తెలుపును గదా! కొరియాలోను అక్షరము చివర వచ్చిన సున్న ‘వాఙ్మయము’లోని ఙకారమువలె పలుకును. అక్షరము మొదట వచ్చినపుడు మాత్రము దానికి ధ్వని లేదు. అచ్చు ఒంటరిగా నిలువరాదను నియమముచేత దానికి తోడుగా నిలుచును. ఎక్కడో పుట్టిన రెండు లిపులు ఒకే గుండ్రని గుర్తుతో ముక్కుధ్వనిని సూచించుట కేవలము కాకతాళీయమే యైనను, జ్ఞాపకముంచుకొనుటకు అక్కరకు వచ్చును.

మరియొక పోలిక కలదు. ‘ప’ క్రింద చిన్న నిలువుగీత చేర్చి ‘ఫ’ చేయుదుము. ‘ద’ క్రింద చేర్చి ‘ధ’ చేయుదుము. ‘చ’ ను ‘ఛ’ చేయుదుము. ఊపిరి ఎక్కువైనదనుటకు ఆ గీత గుర్తు. సేజోంగు చేసిన పనియు నట్టిదే. వారి ‘క’ కు నడుమ ఒక అడ్డగీత చేర్చినచో ‘ఖ’ వంటి ధ్వని. ‘త’ కు చేర్చినచో ‘థ’ వంటి ధ్వని. గ, ద, బ, జ లకు వేరు అక్షరములు లేవు. తమిళమున వలెనే ఒకే అక్షరము మాట మొదట ‘క’ కు దగ్గరగాను, రెండచ్చుల నడుమ ‘గ’ గాను పలుకును. అయితే మాట మొదటి ఆ ‘క’ మన ‘క’ కాదు. దానిలో కొంచెము ఊపిరి కలిసి క, ఖ ల నడుమ నిలుచును. ఒకే అక్షరమును జంటగా వ్రాసినచో బిగించి పలుకవలెను. ‘అక్క’ అనునపుడు క్షణకాలము నాలుక బిగియునే, ఆ బిగువే అది. కొరియా నేర్చు తెలుగువారికి నిజముగా శ్రమ కలిగించునది ఈ మూడింటి భేదమే. కనులతో చూచి నేర్చునది కాదు. చెవితో వినియే నేర్వవలెను.

అచ్చులు మిక్కిలి సులభములు. నిలువుగీత ఒక్కటే యైన ‘ఇ’. దానికి కుడివైపున చిన్న గీత చేర్చిన ‘ఆ’. అడ్డగీతకు పైన చిన్న గీత నిలిపిన ‘ఓ’, క్రింద నిలిపిన ‘ఊ’. ఆ చిన్న గీతను రెండుగా చేసినచో యకారము చేరి యా, యో, యూ అగును. నిలువుగీత నిలుచున్న మనుష్యునకు, అడ్డగీత భూమికి, చిన్న గీత (తొలుత అది చుక్క) ఆకాశమునకు చిహ్నములని వారి భావన. తెలుగున లేని అచ్చులు రెండు. అడ్డగీత ఒంటరిగా నున్నచో పెదవులు గుండ్రముగా చేయక ‘ఉ’ అనవలెను. నిలువుగీతకు ఎడమవైపున చిన్న గీత యున్నచో పెదవులు చుట్టక ‘ఒ’ అనవలెను. మొదట నవ్వు వచ్చును; అద్దము ముందు నిలిచి పది మారులు పలికినచో పట్టుబడును.

ఈ గీతలను వరుసగా ప్రక్కప్రక్కన వ్రాయరు. హల్లును, అచ్చును, తరువాతి పొల్లును కలిపి ఒక చిన్న గడిలో ఇమిడింతురు. మనము ‘అమ్మ’ అను మాటను కొరియా లిపిలో వ్రాయుదము. తెలుగున దానిని ‘అ’ అనియు ‘మ్మ’ అనియు విడదీయుదుము. వారు ‘అమ్’ అనియు ‘మ’ అనియు విడదీయుదురు. మొదటి గడిలో ధ్వనిలేని సున్న, దాని ప్రక్క కుడిగీత గల నిలువుగీత, రెండింటి అడుగున నలుచదరపు పెట్టె. రెండవ గడిలో పెట్టె, దాని ప్రక్క కుడిగీత గల నిలువుగీత. అంతే, ‘అమ్మ’ సిద్ధమైనది. ఇపుడు మొదటి గడిలోని చిన్న గీతను కుడినుండి ఎడమకు మార్చుడు. అది ‘ఒమ్మా’ అగును. కొరియా పిల్లలు తల్లిని పిలుచు మాట అదియే! తండ్రిని వారు ‘అప్పా’ అందురు.

ఇట్టి పోలికలను చూచి హోమర్ హల్బర్టు అను అమెరికను పండితుడు కొరియా భాషను ద్రావిడ భాషలతో పోల్చి 1905లో ఒక వ్యాకరణ గ్రంథమునే ప్రకటించెను. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికమును అంగీకరింపరు. పసిపిల్లల పెదవులకు మొదట చిక్కునవి మకారము, పకారము గనుక అమ్మ, అప్ప వంటి మాటలు పలు భాషలలో పుట్టుచుండును. కాని వాక్యనిర్మాణమున సామ్యము కలదు. మనవలెనే వారును కర్తను ముందు, కర్మను తరువాత, క్రియను చివర నుంతురు. మన విభక్తులవలె వారి ప్రత్యయములును నామము వెనుక చేరును. ఇంటిపేరు ముందు, తమ పేరు తరువాత చెప్పుట వారి ఆచారము. అదియు మనకు పరిచితమే. చుట్టరికము లేకున్నను ఇరుగుపొరుగు పోలిక యని దీనిని అనుకొనవచ్చును.

ఇంత చక్కని లిపిని ఆ దేశపు పండితులు వెంటనే ఆదరించిరా? లేదు. 1444లోనే ఛ్వే మల్లి అను ఆస్థాన పండితుడు కొందరితో కలిసి రాజునకు అభ్యంతర పత్రము సమర్పించెను. చీనా అక్షరములను విడిచి సొంత అక్షరములు కల్పించుకొనుట అనాగరకుల పని యని వారి వాదము. రాజు లొంగలేదు. జోంగ్ ఇన్‌జి అను మరియొక పండితుడు రాజు పక్షమున నిలిచి, తెలివిగలవారు ఈ లిపిని ఒక్క పూటలో నేర్వగలరనియు, మందబుద్ధులకైనను పది దినములు చాలుననియు వ్రాసెను. అయినను రాజు మరణించిన పిమ్మట శతాబ్దములపాటు దానిని పామరుల లిపి యనియే చులకనగా చూచిరి. స్త్రీలు తమ ఉత్తరములలోను, సామాన్యులు తమ కథలలోను దానిని బ్రతికించిరి. ప్రభుత్వ పత్రములలో దానికి స్థానము లభించినది 1894లో మాత్రమే.

అంతలో మరియొక ఆపద వచ్చినది. 1910లో జపాను కొరియాను ఆక్రమించెను. 1938 తరువాత పాఠశాలలలో కొరియా భాష క్రమముగా తొలగింపబడెను. తమ భాష నశింపకుండునట్లు కొందరు పండితులు ఒక మహానిఘంటువును కూర్చుచుండిరి. 1942లో ప్రభుత్వము వారిని నిర్బంధించెను. ముప్పదిమువ్వురిపై నేరము మోపబడెను. వారిలో యీ యున్‌జే, హన్ జింగ్ అను ఇరువురు చెరసాలలోనే ప్రాణములు విడిచిరి. సాక్ష్యమని పట్టుకొనిపోయిన నిఘంటువు వ్రాతప్రతి ఏమైనదో యెవరికిని తెలియకుండెను. 1945 ఆగస్టులో జపాను ఓడిపోయెను. సెప్టెంబరు 8వ తేదీన సొఉల్ రైలుస్టేషను గిడ్డంగిలో ఆ వ్రాతప్రతి కట్టలు దొరకినవి! 1947లో మొదటి సంపుటమును, 1957 నాటికి ఆరు సంపుటములును అచ్చుపడెను.

భాషకు చోటు లేని నగరమున భాషను కాపాడినవారి కథ మనకు క్రొత్త కాదు. నైజాము రాజ్యమున తెలుగునకు పాఠశాలలలో తగిన తావు లేని దినములలో, కాచిగూడకు కొలది దూరముననున్న రెసిడెన్సీ బజారులో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు దానికి మూలపురుషులు. అందు పుస్తకములు చదివి తెలుగు నేర్చినవారు ఎందరో.

అక్షరములు వచ్చిన పిమ్మట వ్రాసినది వ్రాసినట్లే చదువవచ్చునా? ఇచట కొరియా భాష కొంచెము మెలిక పెట్టును. ‘ధన్యవాదము’ అనుటకు వారు ‘కమ్సా హప్‌నిదా’ అని వ్రాయుదురు. ‘కమ్సా హమ్నిదా’ అని పలుకుదురు. పకారము మకారమైన దేల? మీరు చదువుకొన్న అనునాసిక సంధిని స్మరింపుడు. వర్గ ప్రథమాక్షరములకు నకారముగాని మకారముగాని పరమైనచో ఆ వర్గపు అనునాసికము వచ్చును. జగత్ + నాథుడు జగన్నాథుడైనట్లే, హప్ + ని ‘హమ్ని’ యైనది. వారి భాష పేరు ‘హన్‌గుక్ + మల్’. హన్‌గుక్ అనగా కొరియా దేశము, మల్ అనగా మాట. పలుకునపుడు అది ‘హన్‌గుఙ్‌మల్’ అగును. వాక్ + మయము వాఙ్మయమైన తీరే యిది. మనకీ సంధి వైకల్పికము, వారికి నిత్యము. మనము సంధిని వ్రాతలో చూపుదుము; వారు మూలరూపమునే వ్రాసి నోటితో సంధి చేయుదురు. అన్య దేశపు విద్యార్థులు ఈ సూత్రమును కంఠస్థము చేయుటకు తంటాలు పడుచుండగా, తెలుగు విద్యార్థి తన వ్యాకరణ పుస్తకమును తెరచినచో చాలును.

ఇక పలకరింపులు. ఎవరైనను ఎదురైనపుడు కొంచెము తలవంచి ‘అన్న్యోంగ్ హసేయో’ అనవలెను. ‘అన్న్యోంగ్’ అనగా క్షేమము. మొత్తము మీద ‘క్షేమముగా నున్నారా?’ యని దాని భావము. దీని చివరనున్న ‘యో’ ను గమనింపుడు. మనము ‘రా’ అనుటకును ‘రండి’ అనుటకును ఎంత భేదమో, ‘యో’ ఉండుటకును లేకుండుటకును అంత భేదము. ఈడువారైన స్నేహితులు ‘అన్న్యోంగ్’ అని మాత్రమే అనుకొందురు. గురువుతో అట్లన్నచో గురువును ‘ఏమిరా’ యన్నంత తప్పు. పెద్దల కేదైన నిచ్చునపుడును, వారినుండి పుచ్చుకొనునపుడును రెండు చేతులు వాడవలెను. ‘నే’ అనగా అవును. ‘అనియో’ అనగా కాదు. ‘మియాన్ హమ్నిదా’ అనగా మన్నింపుడు.

కుశలప్రశ్నలలో ‘భోజనమైనదా?’ అను మాట మన యిండ్లలో ఎంత సహజమో కొరియాలోను అంత సహజము. చనువుగలవారిని ‘పప్ మొగొస్సొయో?’ అని యడుగుదురు. ‘పప్’ అనగా వండిన అన్నము. మన పప్పు కాదు. పెద్దవారిని ‘సిక్సా హస్యొస్సొయో?’ అని అడుగుదురు. చిన్నవారిని ‘అన్నము తింటివా?’ అనియు, పెద్దలను ‘భోజనము చేసితిరా?’ అనియు మనము మాట మార్చి యడుగుట వంటిదే యిది.

సెలవు తీసికొను పద్ధతి మిక్కిలి ముచ్చటైనది. ఇల్లు వెడలునపుడు మనము ‘పోతాను’ అనము, ‘వెళ్ళి వస్తాను’ అందుము. కొరియా బాలుడును బడికి బయలుదేరుచు ‘తన్యో ఓగెస్సుమ్నిదా’ అనును. ‘పోయి వచ్చెదను’ అని దాని అర్థము. ఇంటినుండి ‘తన్యో వా’, అనగా ‘పోయి రా’ అని బదులు వచ్చును. పరుల యింటినుండి సెలవు తీసికొనునపుడు వేరు మాటలు కలవు. పోవువాడు ఉన్నవానితో ‘అన్న్యోంగ్‌హి గేసేయో’ అనును. క్షేమముగా నుండుడని భావము. ఉన్నవాడు పోవువానితో ‘అన్న్యోంగ్‌హి గసేయో’ అనును. క్షేమముగా పొండని భావము. క్రొత్తవారు ఈ రెండింటిని తారుమారు చేయుచుందురు. ఎవరు కదలుచున్నారో, ఎవరు నిలుచుచున్నారో ఒక్క క్షణము ఆలోచించినచో చిక్కు విడిపోవును. తరగతి ముగిసి విద్యార్థి బయలుదేరగా, ఉపాధ్యాయుడు లోపలనే కూర్చున్నచో విద్యార్థి ‘గేసేయో’ అనవలెను, ఉపాధ్యాయుడు ‘గసేయో’ అనవలెను. ఇరువురును కలిసి తార్నాక కూడలివరకు నడచి, అచటినుండి ఒకరు కాచిగూడ వైపునకును మరియొకరు ఉప్పల్ వైపునకును పోవలసివచ్చినచో, నిలిచియుండువా రెవరును లేరు గనుక ఇద్దరును ఒకరికొకరు ‘అన్న్యోంగ్‌హి గసేయో’ అనియే చెప్పుకొందురు.